మెయిల్ చిరునామా మనదే, తాళంచెవి ఎవరి చేతిలో?

2025 అక్టోబరు 8న కేంద్ర హోంమంత్రి అమిత్ షా తాను జోహో మెయిల్‌కు మారానని, ఇకపై కొత్త చిరునామాకే రాయాలని ఎక్స్‌లో ప్రకటించారు. స్వదేశీ సంస్థకు మారడం మంచిదే. కానీ అసలు ఆ ప్రకటన ఎందుకు అవసరమైంది? చిరునామా కంపెనీ పేరు మీద ఉంటే, కంపెనీ మారినప్పుడల్లా చిరునామా మారిపోతుంది. కొత్తది జోహో పేరు మీదే ఉంది. రేపు అక్కడి నుంచి కదలాలన్నా మళ్లీ దండోరా వేయించాల్సిందే. మంత్రిగారు ఒక్క పోస్టు పెడితే సరిపోతుంది. మామూలు మనిషి బ్యాంకు, పీఎఫ్, డీమ్యాట్, పాన్, బీమా, పిల్లల స్కూలు అంటూ ఒక్కొక్కచోటా మార్పించుకుంటూ తిరగాలి. అమెరికాలో ఉంటూ ఇక్కడి ఎన్నారై ఖాతా ఓటీపీలు మెయిల్‌కే తెప్పించుకునేవారి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

సొంత డొమైన్, అంటే డబ్బు కట్టి మన పేరున నమోదు చేసుకునే ఇంటర్నెట్ పేరు, ఉన్నవారికి ఈ తిప్పలు లేవు. ఎట్ గుర్తు తర్వాత ఉన్నది తమ పేరే కాబట్టి, వెనక సర్వరు ఎవరు నడుపుతున్నారో బయటివాళ్లకు తెలియాల్సిన పనిలేదు. ఈ డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను ఏ సర్వరుకు అప్పగించాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు 1986 నుంచీ ఉంది. దాన్ని మారిస్తే చాలు, టపా దారి మారుతుంది. విచిత్రమేమిటంటే, డొమైన్ కొన్నవాళ్లలోనూ చాలామంది ఈ వెసులుబాటును ఎప్పుడూ వాడుకోరు. మొదట ఎక్కడ తగిలించారో అక్కడే ఉండిపోతారు.

అలా ఉండిపోతే ఏమవుతుందో 2022లో చూశాం. సొంత డొమైన్లకు 2006 నుంచి ఉచితంగా మెయిల్ ఇచ్చిన గూగుల్, 2012 డిసెంబరులో కొత్తవారికి తలుపు మూసింది. 2022 జనవరిలో పాతవారు కూడా డబ్బు కట్టాలంది. గోల పెరిగాక, కొన్ని నెలలకు, వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడేవారిని వదిలేసింది. అది దయే తప్ప ఒప్పందం కాదు.

మరి ఎక్కడికి వెళ్లాలి? మెల్‌బోర్న్ నుంచి 1999లో మొదలైన ఫాస్ట్‌మెయిల్, బెర్లిన్‌లోని మెయిల్‌బాక్స్ డాట్ ఆర్గ్, స్విట్జర్లాండ్‌లోని మిగాడు, ప్రోటాన్, మన చెన్నై జోహో.. అన్నీ సొంత డొమైన్‌ను తీసుకుంటాయి. నా దృష్టిలో చూడాల్సిన మొదటి గుణం ధర కాదు, ఐమ్యాప్. ఏ మెయిల్ యాప్‌తోనైనా తెరుచుకుని, మొత్తం మెయిల్‌ను కాపీ చేసుకుని బయటపడే దారి అదే. జోహో ఉచిత పథకంలో అది ఉండదు. ప్రోటాన్‌లో మెయిల్ గుప్తీకరించి ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌లో బ్రిడ్జ్ అనే వాళ్ల ప్రోగ్రాం పెట్టుకోవాలి, అదీ డబ్బు కట్టినవారికే. సొంతంగా సర్వరు నడుపుకుందామా అంటే, వద్దనే చెబుతాను. అమెజాన్, గూగుల్ లాంటి క్లౌడ్ సంస్థలు 25వ పోర్టు (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే ద్వారం) నుంచి మెయిల్ పంపడాన్ని ముందే అడ్డుకుంటాయి. దాన్ని దాటినా, పేరు లేని కొత్త ఐపీ (సర్వరుకు ఉండే అంకెల చిరునామా) నుంచి వచ్చిన మెయిల్ నేరుగా స్పామ్‌లో పడుతుంది.

సంస్థను ఎంచుకోవడానికి వారం ఆలోచించేవారు, డొమైన్ ఎవరి చేతిలో ఉందో ఒక్క నిమిషం కూడా చూడరు. అసలు తాళంచెవి అక్కడుంది. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో డొమైన్ ఉంటే అది మీది కాదు. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) ఖాతాకు ఇచ్చిన మెయిల్ అదే డొమైన్ మీద ఉంటే ఇంకా ప్రమాదం. డొమైన్ గడువు దాటి ఆగిపోయిన రోజున పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా ఆ ఆగిన పెట్టెకే వెళ్తుంది. ఆ ఖాతాకు వేరే చోటి చిరునామా ఇచ్చి, రెండంచెల లాగిన్ పెట్టండి. ఎంఎక్స్ లాంటి డొమైన్ సమాచారమంతా ఉండే డీఎన్‌ఎస్ రికార్డులు ఎక్కడున్నాయో కూడా చూడండి. అవి పాత వెబ్ హోస్టింగ్‌లోనే ఉండి, మెయిల్ మారాం కదా అని ఆ హోస్టింగ్ రద్దు చేస్తే కొత్త మెయిల్ కూడా దాంతోనే పోతుంది.

మార్చే రోజున అందరూ భయపడేది మెయిల్ మధ్యలో మాయమవుతుందేమోనని. నిజానికి సర్వర్ల మధ్య మెయిల్‌ను మోసే ఎస్‌ఎంటీపీ పద్ధతి చాలా ఓపికగలది. అవతలి సర్వరు పలకకపోతే పంపినవారి సర్వరు సాధారణంగా నాలుగైదు రోజులు మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది. చేటు చేసేది పలికి, అలాంటివారెవరూ లేరని చెప్పే సర్వరు. 550 అనే ఆ జవాబు వెళ్లిందంటే మెయిల్ అప్పుడే తిరుగుటపా అవుతుంది. కొన్ని బ్యాంకులు ఆ చిరునామా చెల్లదని రాసుకుని స్టేట్‌మెంట్లు పంపడమే మానేస్తాయి. అందుకే ఎంఎక్స్ ముట్టుకోకముందే కొత్తచోట అన్ని పెట్టెలూ, ఎప్పుడో ఒకసారి ఇచ్చిన మారుపేర్లతో సహా, తయారుగా ఉండాలి.

రెండు రోజుల ముందు ఎంఎక్స్ టీటీఎల్‌ను, అంటే ఆ రికార్డును ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువును, 300 సెకన్లకు దించండి. మార్చాక పాత ఎంఎక్స్‌ను రెండో వరుసలో ఉంచుకుందామనిపిస్తుంది. ఉంచకండి. స్పామ్ పంపేవాళ్లు కావాలని ఆ వెనక తలుపే తడతారు, అసలు మెయిల్ కొంత అక్కడే పడి మీ కంటబడదు.

పంపే మెయిల్ వైపు తప్పులు ఎక్కువ. మన పేరున మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. పాతదాని పక్కన కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు. దాని లోపలి డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటినా అంతే. పంపే మెయిల్ మీద డిజిటల్ సంతకం పెట్టే డీకిమ్‌లో 2048 బిట్ల తాళం 255 అక్షరాల్లో ఇమడదు, ముక్కలుగా ఇవ్వాలి. కొన్ని ప్యానెళ్లు వాటంతటవే విడగొడతాయి, కొన్ని చివర కత్తిరించి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాయి. పేరు గడిలో డొమైన్‌ను మళ్లీ రాస్తే అది రెండుసార్లు అతుక్కుంటుంది. డీఎన్‌ఎస్ నడిపే క్లౌడ్‌ఫ్లేర్‌లో డీకిమ్ సీనేమ్‌ల (మరో పేరు వైపు చూపించే రికార్డుల) పక్కన నారింజ మబ్బు ఉంటే బూడిద రంగుకు మార్చాలి. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను మొదట ఏ చర్యా వద్దనే స్థాయిలో పెట్టి, నివేదికలు శుభ్రంగా వచ్చాకే బిగించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి తప్పనిసరి, రోజుకు 5,000 దాటితే డీమార్క్‌తో కలిపి మూడూ కావాలి.

పాత మెయిల్ తరలింపులో తొందర పనికిరాదు. ఐమ్యాప్ ద్వారా దింపుకోవడానికి జీమెయిల్ రోజుకు 2,500 ఎంబీ పరిమితి పెట్టింది. 12 జీబీ పెట్టె ఖాళీ కావడానికి ఐదు రోజులు ఖాయం. జీమెయిల్‌లో ఫోల్డర్లు ఉండవు, లేబుళ్లే. ఆల్ మెయిల్‌తో సహా అన్నీ కాపీ చేస్తే ఒక్కో ఉత్తరం రెండుమూడు చోట్ల తేలి, కొత్తచోట కొన్న స్థలం కాస్తా నిండుతుంది.

వెబ్‌సైట్ ఇంకా సీప్యానెల్ (హోస్టింగ్‌ను నడిపే ప్యానెల్) ఉన్న పాత సర్వరులో ఉంటే మరో చిక్కు. బయటి మెయిళ్లు బాగానే వస్తాయి, సైట్‌లోని సంప్రదింపు ఫారం నుంచి మాత్రం రావు. ఆ సర్వరు ఈ డొమైన్ తనదేననుకుని మెయిల్‌ను తన పాత పెట్టెలోనే వేసుకుంటుంది. ఈమెయిల్ రూటింగ్‌లో లోకల్‌ను రిమోట్‌గా మార్చితే సరి.

గూగుల్ వర్క్‌స్పేస్ (సొంత డొమైన్లకు గూగుల్ ఇచ్చే మెయిల్ సేవ) నుంచి వచ్చేవారు ఖాతా మూసేముందు రెండుసార్లు ఆలోచించాలి. ఆ ఖాతాతో లాగిన్ అయ్యే సైట్లు, ప్లే స్టోర్‌లో కొన్నవి, ఫొటోలు అన్నీ దాంతోనే పోతాయి. అన్ని సైట్లలోనూ పాస్‌వర్డ్ లాగిన్‌కు మారేవరకు, కనీసం రెండు మూడు నెలలు, రెండుచోట్లా డబ్బు కట్టడం దండగేమీ కాదు.

ఇంత చేసినా గోప్యత పెరిగిపోతుందనుకోకండి. మనం ఉత్తరం రాసే అవతలివాళ్లు జీమెయిల్‌లో ఉన్నంతకాలం ఆ ఉత్తరాల ప్రతి గూగుల్ దగ్గర ఉంటుంది. దక్కేది నచ్చనప్పుడు వెళ్లిపోయే హక్కు. అది డొమైన్ చేజారనంతవరకే. డాట్ కామ్, డాట్ ఇన్‌లను ఒకేసారి 10 ఏళ్లవరకు కట్టుకోవచ్చు. గడువు పోయిన పేరును ఇంకెవరైనా కొంటే మీ బ్యాంకు మెయిళ్లు వాళ్ల పెట్టెకు వెళ్తాయి. రిజిస్ట్రార్ పేరు, లాగిన్ వివరాలు కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో పెట్టండి, ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.