వివరాలన్నీ రైతు దగ్గర తీసుకుని, ఫలితం ఇంకెవరికో ఇస్తే ఎలా?

వ్యవసాయం ఎంత సుస్థిరంగా సాగుతోందో కొలవడానికి ఇప్పుడు బోలెడు టూల్స్ ఉన్నాయి. ఎరువు ఎంత వేశారు, డీజిల్ ఎంత కాలింది లాంటివి నింపితే ఎంత గ్రీన్‌హౌస్ వాయువు వెలువడిందో కూల్ ఫార్మ్ టూల్ అంచనా వేస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తయారుచేసిన సాఫా అనే మదింపు పద్ధతిలో అయితే 21 అంశాలు, వాటి కింద 116 సూచికలు. ఇవి అనవసరం అని నేను అనను. 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల సమాచారం పోగేసి చూస్తే, ఒకే రకం ఆహారం పండించే వాళ్ళ మధ్యే పర్యావరణ భారంలో 50 రెట్ల దాకా తేడా కనిపించింది. కాబట్టి సగటు అంకె చూసి ఏ రైతునీ మెచ్చుకోలేం, తప్పుపట్టలేం, ఏ పొలానికి ఆ పొలం చూడాల్సిందే.

నా కోపమంతా ఆ తర్వాత జరిగేదాని మీద. పని మానుకుని కూర్చుని వివరాలిచ్చేది రైతు, రిపోర్టు వెళ్ళేది పంట కొనే కంపెనీకి, అక్కడ అది వార్షిక నివేదికలో ఓ పేజీ అవుతుంది, రైతుకి మాత్రం మళ్ళీ ఏడాది ఇంకో ఫారం వస్తుంది. నత్రజని ఎరువు సంగతే తీసుకోండి. దాన్నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 273 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది. పైరుకి అవసరమైనప్పుడు విడతలుగా, కావలసినంతే వేస్తే ఆ వాయువూ తగ్గుతుంది, రైతుకి ఖర్చూ తగ్గుతుంది. ఆ మాట చెప్పడానికి కావలసిన లెక్కలన్నీ టూల్‌లోనే ఉన్నా, వచ్చి చెప్పేవాళ్ళు లేరు! స్విట్జర్లాండ్‌లో పుట్టిన రైజ్ పద్ధతిలో ముందు రైతుతో కూర్చుని వివరాలు అడుగుతారు, ఫలితాలొచ్చాక మళ్ళీ కూర్చుని ఏం మార్చొచ్చో మాట్లాడతారు. అన్నిచోట్లా ఇలాగే ఎందుకు చేయరు?

అన్నీ కలిపి ఒకే స్కోరు ఇవ్వడం ఇంకో తలనొప్పి. వెలువడిన వాయువుని కిలో పంటకి లెక్కేస్తే దిగుబడి ఎక్కువున్న పొలం మెరుగ్గా కనిపించొచ్చు, హెక్టారుకి లెక్కేస్తే ఎరువు తక్కువ వాడిన పొలం ముందుకొస్తుంది, అందుకే రెండూ చూపించాలి. సాఫా 21 అంశాల్నీ ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా విడివిడిగా చూపిస్తుంది, అది నాకు నచ్చుతుంది. నేల బాగుందన్న వంకతో కూలీల బతుకు బాగోలేదన్న సంగతి దాచేయడం కుదరదు.

పైగా ఈ తనిఖీ అంతా పొలం గట్టు దాకానేనా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం వినియోగదారులకి అందుబాటులోకి వచ్చిన ఆహారంలో 19 శాతం దుకాణాల్లో, హోటళ్ళలో, ఇళ్ళలో వృథా అవుతోంది. రైతుని అడిగినంత గట్టిగా ఆ దుకాణాల్నీ అడగాలి.

కంపెనీలకి నేను చెప్పేది ఒకటే. కొత్త ఫారం పంపేముందు పోయినేడు తీసుకున్న వివరాల ఫలితం రైతు చేతికివ్వండి, అతని భాషలో. పద్ధతి మార్చుకోమని అడిగితే, కొత్త పద్ధతిలో నేల కోలుకునేదాకా పంట కొంటామని రాసివ్వండి. దిగుబడి తగ్గితే నష్టంలో మీ వాటా ఎంతో కూడా అందులోనే రాయండి.