కుక్కర్ పప్పుచారుకూ కీళ్ళవాతానికీ ముడి పెట్టకండి

కందిపప్పును కుక్కర్‌లో ఉడికిస్తే మూత కింద చిక్కుకున్న నురగ ఒంట్లో చేరి యూరిక్ యాసిడ్‌గా మారుతుందనీ, ఆ ఆవిరికి పప్పులోని మాంసకృత్తులు నశిస్తాయనీ, మన పెద్దలు కుండలో వండి నురగ తీసేసేవారు కనుకనే వారికి కీళ్ళనొప్పులు ఉండేవి కావనీ చెప్పే వీడియో ఒకటి వాట్సాప్‌లో విపరీతంగా తిరుగుతున్నది. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదన్న సలహా చివరలో కొసరు. వారానికి మూడు రోజులు ములక్కాడ, సొరకాయ ముక్కలతో పప్పుచారు కాచుకునే ఇల్లు మాది కాబట్టి ఈ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించక తప్పలేదు.

మొదటిది నురగ. పప్పు మరిగేటప్పుడు నీటిలోకి దిగే మాంసకృత్తులు, పిండిపదార్థం, సపోనిన్లు కలిసి గాలిబుడగలను పట్టి ఉంచడం వల్ల అది పుడుతుంది. కుంకుడుకాయ రసం నురగ కట్టేదీ సపోనిన్ల వల్లనే. కుంకుడులో అవి మెండుగా, పప్పులో కొద్దిగా ఉంటాయి. యూరిక్ యాసిడ్ తయారయ్యేది సపోనిన్ల నుంచి కాదు, కణాలలో సహజంగా ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు విచ్ఛిన్నం కావడం వల్ల. ఆ ప్యూరిన్లు గింజ అంతటా ఉంటాయి గనుక, పైన తేలిన తెట్టును గరిటెతో తీసి పారబోసినంత మాత్రాన గిన్నెలోంచి తొలగిపోవు. పప్పులో ప్యూరిన్లు ఉన్నమాట నిజమే కదా అని ఎవరైనా అడగవచ్చు. అమెరికాలో సుమారు 47 వేల మంది పురుషులను 12 ఏళ్ళపాటు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసమూ చేపలూ ఎక్కువగా తిన్నవారికి గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకొని వచ్చే వాతం) ముప్పు పెరిగింది గాని, పప్పుగింజలతో సహా ప్యూరిన్లున్న శాకాహారం తిన్నవారికి పెరగలేదు. ఇప్పటికే గౌట్ ఉన్నవారు పప్పు ఎంత తినాలన్నది వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవలసిందే. అయితే అది పప్పు కొలతకు సంబంధించిన విషయం, వండే పాత్రకు సంబంధించినది కాదు.

మాంసకృత్తులు నశిస్తాయన్నది రెండవ మాట. కుక్కర్ లోపలి వేడి సుమారు 120 డిగ్రీలు. ఆ వేడికి మాంసకృత్తుల అల్లిక విడిపోయి అరుగుదలకు అనువుగా మారుతుంది. అరుగుదలకు అడ్డుపడే కొన్ని పదార్థాల బలమూ తగ్గుతుంది. సి విటమిన్ కొంత పోతుంది, కొన్ని బి విటమిన్లు నీటిలోకి దిగుతాయి. కాని పప్పుచారులో ఆ నీటిని మనం పారబోయము, అన్నంలో కలుపుకొని తింటాము. రాజ్మా విషయంలోనైతే తక్కువ వేడి మీద అరకొరగా ఉడికించడమే అసలు ప్రమాదం, ఎందుకంటే అందులోని లెక్టిన్ అనే విషపదార్థం బాగా మరిగితేనే నిర్వీర్యమవుతుంది.

పెద్దలు నురగ తీసేవారన్నది నిజమే. తీయకపోతే అది పొంగి కట్టెల పొయ్యిని ఆర్పేస్తుంది మరి! అదే చేత్తో వారు పప్పు మీది నీటిని కట్టుగా వంచి చారు పెట్టుకునేవారన్న సంగతి వీడియో చేసినవారికి గుర్తు రాలేదు. ఇక పూర్వులకు కీళ్ళ జబ్బులే లేవంటే, గౌట్‌ను పోలిన వాతరక్తమనే కీళ్ళ జబ్బుకు చికిత్స చెప్పడానికి చరక సంహితలో ఒక అధ్యాయమే ఎందుకున్నట్లు? కుక్కర్‌లో నురగ వల్ల నిజంగా జరగగల హాని ఒకటుంది: అది ఆవిరి రంధ్రాన్ని మూసివేయవచ్చు. అందుకే పప్పు, నీళ్ళు కలిపి కుక్కర్‌లో సగానికి మించకూడదు. చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

ఉప్పు మాట పూర్తిగా తప్పు. ఉప్పు నీటిలో నానిన గింజల పొట్టు ఇంకా తొందరగా మెత్తబడుతుంది. పప్పును ఉడకనీయనివి చింతపండు పులుపు, టమాటా, కాల్షియం ఎక్కువగా ఉండే బోరు నీళ్ళు. గింజ కణాలను అతికి ఉంచే పెక్టిన్ వాటి వల్ల కరగకుండా బిగిసి ఉంటుంది. సోడా వేస్తే ఉడుకుతుంది గాని బి1 విటమిన్ దెబ్బతింటుంది, కాబట్టి తాగే నీళ్ళతో వండుకోవడమే మేలు. పులుపు చేసే ఈ పనే కూరముక్కల దగ్గర మనకు కలిసివస్తుంది. ములక్కాడ, సొరకాయ, గుమ్మడి ముక్కలను ఉప్పు, పసుపు వేసిన నీటిలో ముప్పాతిక వంతు ఉడికించి, అప్పుడు చింతపండు పులుసు పోసి, మెదిపిన పప్పు కలిపి మరిగిస్తే, ఇంగువ తాలింపు పడేవేళకు కూడా ముక్క చెదరకుండా నిలుస్తుంది.