అడవి దారిలో తోడు

ఎగువ అహోబిలం గుడి దాటి, భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహుని సన్నిధికి ఎక్కే దారిలో మొదటి అరగంట మేము నలుగురం అడవిని చూడనేలేదు. ఇంటి అప్పులు, పిల్లల చదువులు, ఆఫీసు గొడవలు మాతోపాటే కొండెక్కాయి. రాళ్ల దారి మొదలై, చేతికర్ర ఎక్కడ ఆనించాలో చూసుకోవలసి వచ్చాక మాటలు వాటంతట అవే పలచబడ్డాయి. అప్పటికి గాని వాగు చప్పుడు చెవిన పడలేదు.

ఈ మార్పును పరిశోధకులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. అడవిలో తీరిగ్గా గడపడానికి జపాన్ అటవీ శాఖ 1982లోనే 'షిన్‌రిన్-యోకు', అంటే అటవీ స్నానం, అని పేరు పెట్టింది. పిత్తాశయ శస్త్రచికిత్స తరువాత కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన వారికంటే త్వరగా ఇంటికి వెళ్లారని రోజర్ ఉల్‌రిచ్ 1984లో చూపించాడు. పనిలో గంటల తరబడి బలవంతంగా నిలిపే ధ్యాస అలసిపోతుందనీ, ఆకుల కదలిక, నీటి పారుదల వంటివి ఆ ధ్యాసను ఏమీ అడగకుండానే ఆకట్టుకుని దానికి విశ్రాంతినిస్తాయనీ మనస్తత్వ శాస్త్రవేత్తలైన రేచల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు వివరించారు.

ఈ వివరణను నేను పూర్తిగా నమ్ముతాను. అయితే అందులో ఒక షరతును మనం గుర్తించాలి. పులులు, ఎలుగుబంట్లు తిరిగే నల్లమలలో ఒంటరిగా నడిచే మనిషి ధ్యాసకు విశ్రాంతి ఎక్కడిది? పొదలో ఆకు కదిలితే గుండె ఝల్లుమంటుంది. దారి చీలిన ప్రతిచోటా సందేహమే. స్త్రీల విషయంలో ఈ జాగ్రత్త మరింత బరువుగా ఉంటుంది. పక్కన నమ్మకమైన మనిషి ఉన్నప్పుడే ఆ కాపలా పని పంచుకోబడి, మనసు నీటి చప్పుడుకు తీరిక చేసుకోగలదు. కాబట్టి అడవిలో స్నేహితుడు కేవలం కాలక్షేపానికి తోడు కాడు, ఆ విశ్రాంతి సాధ్యం కావడానికే అతను అవసరం.

మన పూర్వీకులకు ఇది అనుభవంలో తెలిసిన సంగతే. చైత్ర పౌర్ణమి సమయంలో నల్లమలలోనే ఉన్న శివక్షేత్రం సలేశ్వరం లోయలోకి దిగే జనం "వస్తున్నాం లింగమయ్యా" అని ఒకరి గొంతుకు మరొకరు గొంతు కలుపుతూ నడుస్తారు. అది భక్తి, వెనకబడినవారికి ముందువారి ఆచూకీ చెప్పే పిలుపు కూడా.

తోడు అంటే గుంపు అని మాత్రం నేను అనను. ఇరవై మంది స్పీకరు పెట్టుకుని ఎక్కితే వినబడేది ఊరే, అడవి కాదు. నలుగురైదుగురు చాలు, అందరికంటే మెల్లగా నడిచేవారిని ముందు నడవనిస్తే మిగిలినవారి తొందర కూడా తగ్గుతుంది.

దిగివచ్చేటప్పుడు దారి ఇరుకై ఒకరి వెనుక ఒకరం నడిచాం. తండ్రి పోయి ఏడాదైనా ఆ మాట ఎత్తని మిత్రుడు, ఎవరూ అడగకుండానే, ఆసుపత్రిలో గడిచిన ఆ చివరి రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఎవరి ముఖమూ లేదు, జవాబు చెప్పాల్సిన తొందరా లేదు. ముందున్నవాళ్లం వెనక్కి తిరగకుండా, అతని మాట అందేంత దూరంలో, అడుగు తగ్గించి నడిచాం.