తేలిక పెట్టెలకు కట్టు అక్కరలేదా?

వరంగల్, కరీంనగర్ లారీ యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అట్టపెట్టెల సరుకు తేలిక, కాబట్టి బ్రేకు వేసినా కదలదు. కంటైనర్ నిండా నింపితే బెల్టు అనవసరం. ఇటుకల్లా పేరిస్తే పెట్టెలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైగా బెల్టు బిగిస్తే అవి నలిగిపోతాయి. హనుమకొండలో ఒక పార్సిల్ గోదాములో పదకొండేళ్లు లోడింగ్ చూసినవాణ్ని. ఇందులో ఏ మాటా పూర్తిగా నిజం కాదు, చివరిది మాత్రం సగం నిజం.

తేలికైతే కదలదన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ బ్రేకు వేసినప్పుడు పెట్టెను ముందుకు తోసే బలమూ, నేల ఒరిపిడితో దాన్ని పట్టి ఉంచే బలమూ రెండూ బరువును బట్టే ఉంటాయి. బరువు తగ్గితే తోపు తగ్గుతుంది, పట్టూ అంతే తగ్గుతుంది. మూడు కిలోల నిర్మల్ కొయ్యబొమ్మల పెట్టె, ముప్పై కిలోల పెంబర్తి ఇత్తడి సామాను పెట్టె, రెండింటి అడుగు అట్టా ఒకటే అయితే ఒకే బ్రేకుకు జారతాయి. ఇక గతుకుల సంగతి. నిండు బరువుకు తయారైన లారీ కమాను పట్టీలు, అంటే స్ప్రింగులు, తేలిక సరుకు కింద అంతగా వంగవు, బండి ఎగిరెగిరి పడుతుంది. హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా వచ్చే దారిలో ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా పెట్టె ఒక లిప్తకాలం నేలకు ఆనీ ఆననట్టు ఉంటుంది. ఆ లిప్తలోనే కాస్త జరుగుతుంది. అదీగాక, ‘తేలిక’ అనేది ఒక్క పెట్టె లెక్క. మూడు కిలోల పెట్టెలు 800 వేస్తే 2,400 కిలోలు. సరుకు బరువులో ముందువైపు 80 శాతం, పక్కలకూ వెనక్కీ 50 శాతం బలాన్ని ఆపగలగాలన్నది ఐరోపా ప్రమాణం. అంటే ముందుగోడ వైపే 1,920 కిలోల తోపుకు సిద్ధపడాలి.

నిండా నింపితే చాలన్నది గోడ నుంచి గోడకు సందు లేనప్పుడు నిజం. అలా ఎప్పుడు కుదురుతుంది? లోపలి వెడల్పు 90 అంగుళాలు, పెట్టె 16 అంగుళాలు అనుకోండి. ఐదు పెట్టెలకు 80 అంగుళాలు పోతాయి, మిగిలిన పది అంగుళాల్లోకి వరుస మొత్తం ఒరుగుతుంది. ఆ సందును గాలిసంచితోనో మడిచిన అట్టల దొంతితోనో పూడ్చాలి. పైగా హైదరాబాద్‌లో నిండిన బండి జనగామలో కొంత దించగానే నిండుబండి కాదు. మిగిలిన చివరి వరుసకు అక్కడే వల గానీ అడ్డకడ్డీ గానీ వేయాలి. ఈ పని చేసే డ్రైవర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇటుకల పేర్పు గురించి రెండు ముక్కలు. అట్టపెట్టె బలం ఎక్కువగా నాలుగు మూలల్లో ఉంటుంది. మూల మీద మూల వస్తేనే బరువు నిలుస్తుంది. ఇటుకల్లా పేరిస్తే పైపెట్టె మూల కిందిపెట్టె మూత నడుమ పడి దాన్ని కుంగదీస్తుంది. వానాకాలం చెమ్మ తగిలితే మరీ త్వరగా.

బెల్టు నలిపేస్తుందా? నేరుగా వేస్తే నలిపేస్తుంది. అంతేకాదు, అట్ట కుంగగానే బెల్టు వదులై ఉన్నా లేనట్టే అవుతుంది. అందుకే ఈ సరుకును పైనుంచి అదిమి కట్టకూడదు. ముందు వెనకలా పక్కలా కదలకుండా అడ్డుకోవాలి. బెల్టు తప్పనిసరైతే కింద ప్లైవుడ్ పలక, అంచులకు మందపు అట్టకోణాలు పెట్టాలి.

సందేశంలో తలుపుల ఊసే లేదు. దారిలో వెనక్కి జరిగిన పెట్టెలు తలుపుకే ఆనుకుని ఉంటాయి. మా గోదాములో ఒకసారి బొమ్మల పెట్టెల పైన ఎవరో ఒక ఇత్తడి సామాను పెట్టె పెట్టి పంపారు. తలుపు తీసిన హమాలీ భుజం మీద మొదట పడింది అదే. ఆ తరువాత మావాళ్లు పక్కకు నిలబడి ఒక్క తలుపే, అదీ బెత్తెడు తెరిచి చూసేవారు. లోపల వల కట్టి పంపమని లోడు పంపేవాళ్లకు నేను రాసింది మాత్రం ఆ భుజం విరిగాకే.