టీటీఎస్‌లో (రాతని చదివి వినిపించే గొంతులో) పిచ్ దండగ అంటున్న మెసేజ్‌కి నా జవాబు

వారం నుంచి మా గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగతా ఉంది, మీకూ వచ్చే ఉంటాది. అందులో ఉండేది టూకీగా ఇది: స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్ళకి తెర మీద ఉండేది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) గొంతుకి స్పీడ్ ఒక్కటి ఉంటే చాలు, స్పీడ్ మారిస్తే పిచ్ (గొంతు సన్నమా బొంగురా అనేది) దానంతటదే మారతాది, పిచ్ అనేది ఉత్త సోకు, చాలా యాప్స్‌లో అది పని కూడా చెయ్యదు, ఏఐ గొంతులు వచ్చినాక దాంతో పనే లేదు, కాబట్టి యాప్ చేసేవాళ్ళు దాని మీద టైమ్ పెట్టొద్దు. నాకు చిన్నప్పటి నుంచి చూపు లేదు, కావలిలో ఉంటాను, పొద్దున లేస్తే ఈ గొంతు వింటానే పని చేసుకుంటాను. యాప్ చేసేవాళ్ళు ఆ చివరి మాట నమ్మితే నష్టపోయేది మేము, అందుకే రాస్తున్నా.

స్పీడ్‌తో పిచ్ మారేది పాత టేప్ రికార్డర్‌లో. క్యాసెట్ గబగబా తిరిగితే గొంతు సన్నబడి చంటిపిల్లోడి గొంతులా వచ్చేది గదా, ఆ గుర్తుతో అంటున్నట్టుండారు. టీటీఎస్‌లో అట్టా కాదు. స్పీడ్ అంటే ఒక్కో శబ్దాన్ని ఎంతసేపు పలకాలనేది, పిచ్ అంటే గొంతు ఎంత బొంగురుగా ఎంత సన్నగా ఉండాలనేది. ఈస్పీక్ అనే టీటీఎస్ ఇంజన్‌లో, అంటే గొంతు పుట్టించే సాఫ్ట్‌వేర్‌లో చూడండి, స్పీడ్ మామూలుగా నిమిషానికి 175 పదాలు, పిచ్ 0 నుంచి 99 దాకా, మధ్యలో 50, ఒకదాన్ని ముట్టుకుంటే రెండోది కదలదు.

ఇక సోకు అన్నారే, నాకు బాగా బాధేసింది దానికే. తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం లేవు, అందుకని మనోళ్ళకి ఇది తట్టదు, కానీ మెయిల్‌కి వచ్చే పాస్‌వర్డ్‌లు ఇంగ్లీషులోనే ఉంటాయి గదా. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో ఒక్కో అక్షరం చదివించుకునేటప్పుడు పెద్దక్షరం వస్తే గొంతు 30 శాతం పైకి లేస్తాది, ఆ అంకె మనం మార్చుకోవచ్చు. ఆ లేచిన గొంతుతోనే ఇది పెద్ద ఏ, ఇది చిన్న ఏ అని నాకు తెలుస్తాది. ఒకసారి స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి మెయిల్‌లో పాస్‌వర్డ్ వచ్చింది, ఆరోజు నేను వాడే ఇంజన్‌లో పిచ్ కదలలా, అన్నీ ఒకే గొంతుతో చదివింది, మూడుసార్లు తప్పు కొట్టినాక అకౌంట్ లాక్ అయింది, అది ఆఖరి తేదీ. ప్రతి పెద్దక్షరం ముందర "క్యాప్" అని చెప్పించుకోవచ్చు గదా అంటారు, చెప్పించుకోవచ్చు, ఆ సెట్టింగూ ఉంది, కానీ పన్నెండు అక్షరాల్లో ఏడుసార్లు ఆ మాట అడ్డం పడితే అక్షరాల వరస బుర్రలో నిలవదు.

అదొక్కటే కాదు. మా పెదనాయనకి చూపు మందగించింది, వినికిడీ తగ్గింది, సన్న గొంతు పెడితే చెవిలో గుచ్చినట్టుంది తీసెయ్ రా అనేవాడు. నేను పిచ్ బాగా దించి పెట్టాను, ఇప్పుడు పొద్దున్నే పేపర్ అంతా తనే వింటాడు. వయసుతో వచ్చే చెవుడు సన్న శబ్దాలనే ముందు తినేస్తాది. పిచ్ దించితే స, శ అనేవి స్పష్టంగా వినపడతాయని నేను చెప్పను, వాటికి అది మందు కాదు, వినేవాళ్ళకి హాయిగా ఉండడమే అసలు సంగతి. అదే నేను ఒంగోలు నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేటప్పుడు పిచ్ పెంచుకుంటా, బస్సు రొదలో బొంగురు గొంతు కలిసిపోతాది.

మేం మారిస్తే ఏమీ మారలా అనేవాళ్ళు నిజమే చెప్తున్నారు, కానీ తప్పు పిచ్‌ది కాదు, దాన్ని తగిలించిన పద్ధతిది. విండోస్‌లో యాప్‌లని గొంతులతో కలిపే శాపీ 5లో స్పీడ్‌కీ వాల్యూమ్‌కీ నేరుగా సెట్టింగ్ ఉంటాది, పిచ్‌కి ఉండదు, చదవాల్సిన మాటలోనే ట్యాగ్ (పిచ్ ఇంత అని చెప్పే గుర్తు) పెట్టి పంపాలి. ఆ సంగతి తెలియక వదిలేస్తారు. తెలిసి పెట్టినోళ్ళు కూడా, వాక్యంలో ఆంపర్‌శాండ్ (&) గుర్తో లెస్‌దాన్ (<) గుర్తో ఉంటే దాన్ని మార్చి పంపకపోతే ఆ వాక్యం చదవకుండానే పోవచ్చు. పైగా కొలతలు ఒక్కోచోట ఒక్కో రకం, ఆండ్రాయిడ్‌లో మామూలు గొంతు 1.0, బ్రౌజర్‌లో 0 నుంచి 2, శాపీలో మైనస్ 10 నుంచి 10. ఈస్పీక్ అలవాటుతో 50 తీసుకెళ్ళి బ్రౌజర్‌కి ఇస్తే యాడ పని చేస్తాది? ఆండ్రాయిడ్‌లో ఇంకొకటి, యాప్ తనంతట తను పిచ్ పెట్టేసుకుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో మనం జరిపింది ఆ యాప్‌కి వర్తించదు.

ఏఐ గొంతుల మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటా. రికార్డ్ చేసిన ముక్కలు అతికే గొంతుల్లో పిచ్ మరీ లాగితే శబ్దం చెడతాది, కొత్త ఇంజన్లలో కొన్ని పిచ్ తీసుకోవు. కానీ ఈస్పీక్ రికార్డింగ్ కాదు, లెక్కతో పుట్టించే శబ్దం, పిచ్ దానికి ఒక అంకె అంతే, అందుకే ఎంత స్పీడ్ పెట్టినా మాట తెగదు, మాలో చాలామంది దాన్ని వదలంది అందుకే. గొంతు మనిషిలా ఉంటే సంతోషమే, కానీ పెద్దక్షరం ఏదో నాకు ఎట్టా చెప్తారు?

మీ యాప్‌లో పని చెయ్యకపోతే ముందు ఎన్‌వీడీఏలో ఈస్పీక్ పెట్టి, ఇన్సర్ట్, కంట్రోల్ పట్టుకుని కుడి బాణం పిచ్ అనేదాకా నొక్కండి, ల్యాప్‌టాప్ లేఅవుట్ అయితే షిఫ్ట్ కూడా కలపండి, తర్వాత ఆ కీలు అట్టాగే పట్టుకుని పై బాణం. అక్కడ గొంతు మారి మీ యాప్‌లో అదే ఈస్పీక్‌తో మారకపోతే, ఏ ఇంజన్, ఏ వెర్షన్, ఎంత అంకె పెట్టారో రాసి ఆ యాప్ చేసినవాళ్ళకి పంపండి.