అవ్వ పలకడం లేదు

"సర్వర్ లేదు" అన్న మాటకు మన ఊళ్లలో ఉన్న గౌరవం కోర్టు తీర్పుకు కూడా లేదు. ఏ కౌంటర్ దగ్గరైనా ఆ రెండు ముక్కలు వినిపించగానే వరుసలో నిలబడ్డవాళ్లు మారుమాట లేకుండా సంచులు సర్దుకుని ఇంటిదారి పడతారు. ఎక్కడ లేదు, ఎందుకు లేదు, అసలు ఎవరు వెళ్లి చూసి వచ్చారు అని నిలదీసినవాళ్లను నేను చూడలేదు, ఒక్క మా అవ్వను తప్ప. అవ్వ అంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. నేను గుమాస్తాగా ఉన్న బండల కొట్టు యజమాని గారి తల్లి. కొట్లో పనిచేసేవాళ్లందరికీ ఆమె అవ్వే.

కడప బండ తెలియని తెలుగు ఇల్లు తక్కువ. వంటింటి గట్టు మీదో, అరుగు మీదో, కనీసం స్నానాల గదిలోనో ఒక పలకైనా కనిపిస్తుంది. మా కొట్టు కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర, యార్డు ఎర్రగుంట్ల వైపు. యార్డులో లారీ కాటా ఎక్కి దిగగానే బిల్లు చేతికి రావాలి. ఆ బిల్లు ఇక్కడ కొట్టు వెనక గదిలో ఉన్న సర్వర్ దయతో రావాలి. దయ కలగనప్పుడల్లా యార్డు నుంచి నాకు ఫోను. "సర్వర్ ఉందా?" వెళ్లి చూస్తే పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. "ఉంది" అంటాను. "ఇక్కడ లేదు" అంటారు. ఈ ఆస్తిక నాస్తిక వాదం సాగినంతసేపూ లారీ డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉంటాడు.

ఇలా ఉండగా దసరాకు బెంగళూరు నుంచి కొత్త అల్లుడు గారు వచ్చారు. కంప్యూటర్ ఉద్యోగం. పండుగకు వచ్చిన కొత్త అల్లుడికి తినడం తప్ప వేరే పని చెప్పరు కదా, మూడో రోజుకే ఆయనకు విసుగు పుట్టింది. ఆయుధపూజ నాడు సర్వర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, పైన నిమ్మకాయ ఉంచి హారతి ఇస్తుండగా ఆయన చూపు దాని మీద పడింది. కొట్లో అన్నిటికన్నా పాత యంత్రం అది. అందరి బాకీలూ దానికే గుర్తు. అందుకని మా కుర్రవాళ్లు ఎప్పుడో దానికి "అవ్వ" అని చీటీ అంటించారు. లోపల నెట్‌వర్క్‌లోనూ అదే పేరు.

"ఇది ఉందో లేదో చూడటానికి మనిషి ఎందుకు మామయ్యా? నాలుగు వరుసల స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు రాసిచ్చే పనుల చీటీ, చాలు" అన్నారు అల్లుడు గారు. కొత్త అల్లుడు నాలుగు వరుసలు చాలంటే ఐదోది కావాలనే మామ రాయలసీమలో ఇంకా పుట్టలేదు.

భోజనాల దగ్గర సంగతంతా వివరించారు. పింగ్ అని ఒకటుంది, 1983లో మైక్ మూస్ అనే ఆయన రాశాడు, అది యంత్రం బతికుందా అని మాత్రమే అడుగుతుంది. మనకు కావలసింది లోపల లెక్కలు చూసే మైఎస్‌క్యూఎల్ మేలుకుని ఉందా అన్నది. ఒక యంత్రంలోకి వెళ్లే తలుపుల్లాంటివి పోర్టులు, వాటి నంబర్లు 65,535 దాకా ఉంటాయి, మైఎస్‌క్యూఎల్ మామూలుగా 3306 దగ్గర కూర్చుంటుంది. అక్కడికి "సిన్" అని ఒక పలకరింపు పంపాలి. ఉంటే "సిన్-యాక్" అని బదులు వస్తుంది, మనం "యాక్" అంటే మాట కలిసినట్టు. ఆ పోర్టులో ఎవరూ లేకపోతే యంత్రమే "రీసెట్" అని వెంటనే తిప్పి పంపుతుంది. రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ మధ్యలో మింగేస్తే అవునూ రాదు, కాదూ రాదు.

యజమాని గారు ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించారు. ఆయనకు కంప్యూటర్ రాదు గానీ వసూళ్లు వచ్చు. "అర్థమైంది. బాకీకి వెళితే తలుపు తీసి 'లేవు, పొండి' అన్నవాడు రీసెట్. లోపల ఉండి కూడా తలుపు తీయనివాడు ఫైర్‌వాల్. మొదటివాడే మేలు, కనీసం మన పొద్దు వృథా కాదు" అన్నారు. తలుపు తీయనివాడి ఇంటి ముందు కంప్యూటర్ ఎంతసేపు నిలబడుతుందని కూడా అడిగారు. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే వ్యవస్థ, 2023కు ముందటిదైతే, మొదట ఒక సెకను ఆగి మళ్లీ తడుతుంది, తరువాత రెండు, నాలుగు, ఎనిమిది, అలా రెట్టింపు చేసుకుంటూ ఆరుసార్లు తిరిగి తట్టి, మొత్తం 127 సెకన్ల తరువాత ఆశ వదులుకుంటుంది అన్నారు అల్లుడు గారు. "ఇంత మర్యాదస్తుడు మన వసూళ్లకు పనికిరాడు" అని యజమాని గారు పెరుగన్నంలోకి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే స్క్రిప్టు తయారైంది. యార్డులో బిల్లులు కొట్టే ల్యాప్‌టాప్‌లోనే పెట్టారు. ఐదు నిమిషాలకొకసారి 3306ను తట్టాలి, బదులు రాకపోతే టెలిగ్రామ్ గ్రూపులో సందేశం పెట్టాలి. సందేశాలు పెట్టే బాట్‌కు "కాపలా" అని పేరు. అల్లుడు గారు మా కళ్ల ముందే నడిపి చూపించారు. "అవ్వ పలికింది" అని తెర మీద వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇక అర్ధరాత్రి నుంచి దానంతట అదే నడిచేలా క్రాన్ పట్టికలో ఒక వరుస రాసి, ఫోను మూగనోములో పెట్టి, ఆయన మేడ మీదకు వెళ్లి పడుకున్నారు.

టెలిగ్రామ్‌లో గ్రూపు గుర్తింపు సంఖ్య మైనస్ గుర్తుతో మొదలయ్యే పొడవాటి అంకె. మొన్న కొట్టు కోసం పెట్టిన గ్రూపుకూ, అంతకు ముందు పెళ్లి ఫొటోల కోసం పెట్టిన గ్రూపుకూ అలాంటి అంకెలే. మొదటి దానిలో నలుగురు. రెండో దానిలో ప్రొద్దుటూరు, రాజంపేట, రాయచోటి, జమ్మలమడుగు, ఇంకా ఎక్కడెక్కడి బంధువులందరూ. కాపలా ఏ గ్రూపుకు కాపలా కాసిందో వేరే చెప్పాలా?

రాత్రి పన్నెండు దాటి ఐదు నిమిషాలకు మొదటి సందేశం: "అవ్వ పలకడం లేదు."

పన్నెండూ పదికి: "అవ్వ పలకడం లేదు."

జమ్మలమడుగు పెదనాన్న నిద్రలోంచి లేచి, "డాక్టరును పిలిచారా?" అని అడిగారు. కాపలా ఐదు నిమిషాలు ఆలోచించుకుని, "అవ్వ పలకడం లేదు" అంది. "ఊపిరి ఆడుతోందా?" అని రాయచోటి నుంచి ఇంకొకరు. మళ్లీ అదే జవాబు. కాపలా అంటే ఇంటి దగ్గర రాత్రిపూట ఉండే వాచ్‌మన్ అనుకున్నారట, పాపం చదువు రానివాడు, తెలిసిన ఒక్క వాక్యమే పెడుతున్నాడనుకున్నారట. ఒంటిగంటకల్లా దండం పెట్టే బొమ్మలు మొదలయ్యాయి. రెండు గంటలకు "పుణ్యాత్మురాలు" అన్నారు ఎవరో. దానికీ కాపలా, "అవ్వ పలకడం లేదు" అని ఒప్పుకుంది.

ఫోను చేసి కనుక్కోవచ్చు కదా అంటారు. చేశారు. యజమాని గారి ఫోను రాత్రిళ్లు బీరువాలో ఉంటుంది. అల్లుడు గారి ఫోను సంగతి చెప్పాను. నాకు చేసేంత చనువు ఎవరికీ లేదు. పైగా అలాంటి విషయం ఫోనులో నోరు తెరిచి ఎలా అడుగుతారు?

అవ్వ నాలుగున్నరకు లేచి వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. ప్రొద్దుటూరు నుంచి ఆమె తమ్ముడి కారు వచ్చి ఆగింది. ఆయన చేతిలో గజం పొడవు చామంతి దండ. ముగ్గు గిన్నెతో నిలబడ్డ అక్కను చూసి ఆయన కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. దండ వెనక్కు వెళ్లింది. అవ్వ కళ్లు చురుకైనవి.

"ఎవరు పోయారురా?" అంది.

తమ్ముడికి ఏం చెప్పాలో తోచలేదు. ఇంతలో సందు మలుపులో ఆటో దిగిన రాజంపేట కూతురు "అమ్మా!" అని శోకం అందుకుని వచ్చి, ఎదురుగా అమ్మే ఉండటంతో ఆ శోకం ఎక్కడ ఆపాలో తెలియక ఇంకో రెండు క్షణాలు కొనసాగించింది. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. యజమాని గారు పంచె సర్దుకుంటూ బయటికి వచ్చారు. మా ఇల్లు పక్క వీధే కాబట్టి నేనూ చేరాను. చివరికి ఎవరో పిల్లవాడు ఫోను తెచ్చి అవ్వకు పైనుంచి కిందిదాకా సందేశాలన్నీ చదివి వినిపించాడు. అరవై చిల్లర "పలకడం లేదు"లు ఆమె ఓపికగా విన్నది. విని, మేడ దిగి వస్తున్న అల్లుడు గారి వైపు తిరిగింది.

"నాయనా, నేను పలకలేదన్నావు. బాగుంది. ఇంతకూ నన్ను పిలిచింది ఎవరు?"

"మీరు కాదవ్వా, సర్వర్..."

"దాన్నైనా సరే, పిలిచింది ఎవరు?"

అల్లుడు గారు "స్క్రిప్టు పిలిచింది" అనబోయి ఆగిపోయారు. ల్యాప్‌టాప్ తెరిచి, నెట్‌వర్క్ ద్వారా యార్డు యంత్రంలోకి వెళ్లి చూశారు. చూసి తల పట్టుకున్నారు. రాత్రంతా స్క్రిప్టు సర్వర్‌కు ఒక్క సిన్ కూడా పంపలేదు!

జరిగింది ఇది. ఆయన స్క్రిప్టు పోర్టును తట్టేది "డెవ్, టీసీపీ" అని మొదలయ్యే ఒక దారి ద్వారా. ఆ దారి డిస్కు మీద ఎక్కడా ఉండదు. బ్యాష్ అనే షెల్, అంటే మనం రాసిన ఆదేశాలు చదివి నడిపించే ప్రోగ్రామ్, ఆ పేరు చూడగానే ఫైలు కోసం వెతక్కుండా నేరుగా నెట్‌వర్క్ కనెక్షన్ తెరుస్తుంది, అది దాని సొంత విద్య. మా ముందు నడిపింది బ్యాష్‌తోనే. క్రాన్ పట్టికలో మాత్రం అలవాటు కొద్దీ "ఎస్‌హెచ్" అని రాశారు. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఉబుంటు అనే లినక్స్ రకంలో 2006 నుంచీ ఆ పేరుకు పలికేది బ్యాష్ కాదు, డ్యాష్ అనే మరో చిన్న షెల్. దానికి ఈ విద్య రాదు. "అలాంటి డైరెక్టరీ లేదు బాబూ" అని అది నిజాయితీగానే ఫిర్యాదు చేసింది. తప్పుల సందేశాలు చికాకని అల్లుడు గారు వాటన్నిటినీ ముందే డెవ్‌నల్‌లోకి, అంటే ఎవరూ చూడని గోతిలోకి మళ్లించి ఉంచారు. స్క్రిప్టుకు తెలిసింది ఒక్కటే: పని కాలేదు. పని కాలేదంటే అవ్వ పలకలేదని అర్థం. పిలవలేకపోవడం అనే మూడో సంగతి ఒకటుంటుందని నాలుగు వరుసల్లో ఎక్కడా లేదు.

మన కౌంటర్లలో రోజూ వినే "సర్వర్ లేదు"లలో ఎన్ని ఈ రకానివో ఆ దేవుని కడప వెంకన్నకే తెలియాలి.

వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపుతారా? అవ్వ బస్తా బొరుగులు తడిపించి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేయించింది. తన కోసం వచ్చినవాళ్లకు తానే కొసరి కొసరి వడ్డించడం ఆమెకు మహా సంబరంగా ఉంది. ఎవరు ఎంత ఏడ్చారో వాళ్ల విస్తరిలో అన్ని బజ్జీలు. "పుణ్యాత్మురాలు" అన్నవారి పేరు మాత్రం గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుంది. చామంతి దండ పారేయడానికి మనసొప్పక సర్వర్‌కు వేయించింది.

ఇంక మనుషుల పేర్లు పెట్టరాదని యజమాని గారు శాసనం చేశారు. సర్వర్ పేరు "బండ" అని మార్చారు. "బండ పలకడం లేదంటే ఏం తప్పు? అది ఎప్పుడు పలికింది కనుక" అని అవ్వ కూడా ఒప్పుకుంది. అల్లుడు గారు ఈసారి నెట్‌క్యాట్ అనే పనిముట్టు పట్టారు. పోర్టు తెరుచుకుంటే చాలు, ఏమీ మాట్లాడకుండా వచ్చేయాలి, మూడు సెకన్లకు మించి ఆగరాదు. ఫలితం సున్నా వస్తే బాగున్నట్టు, వేరే అంకె వస్తే బాగోనట్టు. సున్నా అంటే క్షేమం ఏమిటని యజమాని గారు కొంత కంగారుపడ్డారు. రాత్రి తొమ్మిదికి పద్దు కూడినప్పుడు తేడా సున్నా వస్తేనే కదా నేను ఇంటికి వెళ్లేది అని గుర్తు చేస్తే శాంతించారు.

వారం ప్రశాంతంగా గడిచింది. ఆదివారం యార్డుకు సెలవు. సోమవారం పొద్దున్నే లారీలు కాటా దగ్గర వరుస కట్టాయి. బిల్లు రాదు. కొట్లో నా కంప్యూటర్‌లో అన్నీ నడుస్తున్నాయి. కాపలా నోరెత్తలేదు, అంటే పోర్టు పలుకుతూనే ఉంది. యార్డు ల్యాప్‌టాప్‌కు మాత్రం ప్రవేశం లేదు. బెంగళూరుకు ఫోను వెళ్లింది. అల్లుడు గారు చాలాసేపు వెతికి, గొంతు బాగా తగ్గించి చెప్పారు. కనెక్షన్ తెరిచి, లాగిన్ కాకుండా మధ్యలోనే వెళ్లిపోయే యంత్రాలను మైఎస్‌క్యూఎల్ లెక్కపెట్టుకుంటుందట. మధ్యలో ఒక్కసారైనా సవ్యంగా లోపలికి వస్తే ఆ లెక్క చెరిపేస్తుంది. రాకుండా వరుసగా అలాగే చేస్తుంటే, మామూలు అమరికలో 100 దాటగానే ఆ యంత్రానికి గడప బయటే నిషేధం. మామూలు రోజుల్లో బిల్లులు ఆ లెక్కను చెరిపేస్తున్నాయి. ఆదివారం బిల్లులు లేవు. ఐదు నిమిషాలకొక తట్టు చొప్పున తొమ్మిది గంటలు కూడా పట్టదు. కాపలావాడు తలుపు తట్టి పారిపోయి, తట్టి పారిపోయి, ఇంటివాళ్లకే తలుపు మూయించాడు. పోర్టు మాత్రం పలికి మరీ పొమ్మంటోంది, దాంతో స్క్రిప్టు లెక్కలో అంతా క్షేమమే.

యజమాని గారు మాత్రం సర్వర్‌నే సమర్థించారు. "బాకీ అడగడానికి వచ్చినవాడు వంద సార్లు తలుపు తట్టి, ఒక్కసారి కూడా నోరు తెరవకుండా వెళ్లిపోతే నేనైనా వాకిట్లోకి రానివ్వను" అన్నారు.

నిషేధం తీసేయడానికి సర్వర్‌లో ఒక ఆదేశం సరిపోయింది. స్క్రిప్టు ఇప్పుడు పేరు, సంకేతపదం చెప్పుకుని లోపలికి వెళ్లి, ఒక చిన్న ప్రశ్న అడిగి, జవాబు తీసుకుని, సెలవు పుచ్చుకుని వస్తోంది. కాపలా ఊరుకుంటే క్షేమమో, కాపలాకే ఏదైనా అయిందో తెలియదు కాబట్టి రోజూ పొద్దున ఆరింటికి "బండ క్షేమం" అని ఒక సందేశం పెట్టే ఏర్పాటు కూడా చేశారు. దాన్ని కొట్టు గ్రూపులోకి మార్చబోతే అవ్వ ఒప్పుకోలేదు. పెళ్లి గ్రూపులోనే ఉండాలంది, లేకపోతే తన కబురు ఎవరు కనుక్కుంటారని.

రాజంపేట కూతురు ఆ సందేశానికి రోజూ గులాబీ పూలతో శుభోదయం చెబుతోంది. జమ్మలమడుగు పెదనాన్న దీర్ఘాయుష్మాన్ భవ అంటున్నారు. నెల తిరిగాక ప్రొద్దుటూరు ఆయన నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినడం లేదని చూసుకుని అడిగారు: "ఇంతకూ ఈ బండ గారు మనకు ఏ వైపు చుట్టం?"