పిల్లికీ ప్రాణసంకటమే

దీపావళి రాత్రి విశాఖలోని ఏ అపార్టుమెంటులోనైనా ఈ దృశ్యం కనిపిస్తుంది. కింద సెల్లారు దగ్గర లక్ష్మీ బాంబు పేలుతుంది. మూడో అంతస్తులో సోఫా మీద కునుకు తీస్తున్న పిల్లి ఎగిరిపడి మంచం కిందికి దూరుతుంది. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. పిల్లి వెనుక చప్పుడు కాకుండా కీర దోసకాయ పెట్టి, అది తిరిగి చూసి హడలిపోతే ఫోనులో తీసి పదిమందికి పంపేవారూ ఉన్నారు. ఈ నవ్వు మాకు రుచించడం లేదు.

మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల (హెర్ట్జ్) శబ్దం దాకా వింటుంది. పిల్లి చెవి 60,000 దాటి వింటుంది. గోడ వెనుక ఎలుక కదలికను పసిగట్టే ఆ చెవి పక్కన బాంబు పేలితే ఒంట్లో అడ్రినలిన్ అనే భయపు హార్మోను ఉప్పొంగుతుంది. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరుగుతాయి. బెదిరిన పిల్లికి అప్పుడే రక్తపరీక్ష చేస్తే మధుమేహమని పొరబడేంతగా చక్కెర పెరగవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి కాసేపటికి తేరుకుంటుంది, నిజమే. పైకి కనిపించని గుండె కండరాల జబ్బు ఉన్నదానికి మాత్రం ఆ ఒక్క కుదుపుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే తెల్లవారేదాకా ఆగకూడదు.

పెద్ద ముప్పు తర్వాతి రెండు మూడు రోజుల్లో పొంచి ఉంటుంది. జబ్బును దాచుకోవడం పిల్లి స్వభావం. ఒత్తిడికి లోనైన కొన్ని పిల్లులకు ఏ సూక్ష్మజీవీ లేకుండానే మూత్రాశయం వాస్తుంది. మగపిల్లికి మూత్రనాళం సన్నన. అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పేరుకుని గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మాటిమాటికీ ఇసుక తొట్టిలో కూర్చుని చుక్క రాక అరుస్తుంటే మలబద్ధకమని సరిపెట్టుకుని ప్రాణాల మీదికి తేవద్దు. బొద్దుగా ఉన్న పిల్లి బెదురుతో రోజుల తరబడి తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. అదీ ప్రాణాంతకమే.

తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఈ నగరానికి చప్పుళ్లు కొత్త కావు. ఆర్‌కే బీచ్ మీద విన్యాసాలకు యుద్ధవిమానాలు తక్కువ ఎత్తులో దూసుకుపోతాయి. కానీ ఆ తేదీలు ముందే తెలుస్తాయి. పండుగా ముందే తెలుస్తుంది. లోపలి గదిలో కిటికీలు మూసి, అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి, నీళ్లు, ఇసుక తొట్టి దగ్గర పెట్టడానికి పది నిమిషాలు చాలు. బాల్కనీ తలుపు తప్పకుండా వేయాలి. బెదిరిన పిల్లి ఎత్తు చూసుకోదు. దాక్కున్నదాన్ని బయటికి లాగకూడదు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం చేసే బాణసంచా కాల్చరాదని నిబంధనలు ఉన్నాయి. పోలీసులు వాటిని అమలు చేయాలి. అపార్టుమెంటు సంఘాలు టపాకాయలకు ఇళ్లకు దూరంగా ఒక చోటు, ఒక వేళ నిర్ణయించి ముందే చెప్పాలి. పండుగ రాత్రితోపాటు ఆ తర్వాతి మూడు రాత్రులూ నగరంలో ఒక్క పశువైద్యుడైనా విధుల్లో ఉండేలా పశుసంవర్ధక శాఖ ఏర్పాటు చేయాలని, ఆ ఫోను నంబరును వారం ముందే ప్రకటించాలని కోరుతున్నాం.